పోసవ్వ ఊపు, భద్రు సార్ గ్రాఫు

ముందుగా ఒక ఘనమైన క్షమాపణ. ఈ సభలో ఎవరి కన్నూ మూతపడకుండా, బయట వడ్డనకు సిద్ధంగా ఉన్న పులిహోర ఎండిపోకుండా మాట్లాడగల శక్తి నాకు లేదు. నా మాటల్లో గాంభీర్యం ఎక్కువైతే నా చదువును నిందించండి, తక్కువైతే నా చేతికి మైకు ఇచ్చినవారిని నిందించండి. చెప్పబోయే ప్రతి అక్షరానికీ ఇప్పుడే క్షమించెయ్యండి. ప్రసంగం అయ్యాక మీకు ఆ మనసు ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. (నవ్వులు)

ఈ సభను నడిపిస్తున్న మన ప్రధానోపాధ్యాయురాలు సౌజన్య మేడం గారికి, ముఖ్య అతిథిగా వచ్చి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గడియారం వంక చూడని రాజేశ్వర్ పటేల్ గారికి (అయ్యో, ఇప్పుడే చూశారు), తల్లిదండ్రులకు, మన సాఫ్ట్‌బాల్ జట్టు అమ్మాయిలకు, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మన వ్యాయామ ఉపాధ్యాయులు భద్రు సార్ గారికి, ఆ పూలదండల బరువుకు సార్ భుజం ఏ కోణంలో వంగిందో కొలవాలని చెయ్యి దురద పెడుతున్న ఈ అఖిలేశ్ నమస్కారాలు.

పొగడ్తల్లోకి దిగే ముందు, పొద్దుటి నుంచి ఈ హాల్లో అందరూ గుసగుసగా అనుకుంటున్న మాటను మైకులో అనేస్తాను. మన అమ్మాయిలు రాష్ట్ర పోటీలకు ఎంపికయ్యారు. శనివారం వరంగల్ బయలుదేరాలి. సార్ ఉద్యోగమేమో ఇవాళ్టితో ఆఖరు. ఇండ్లల్లోనేమో "భద్రు సార్ తోలుకపోతెనే పంపుతం, లేకుంటె లేదు" అంటున్నారు. పిల్లలకు తోడుగా సార్ వెళ్ళవచ్చని మేడం పైవాళ్ళతో మాట్లాడి ఒప్పించారు కూడా. కానీ సార్ "రేపటి సంది నేను బడికి ఏమైత? ఏమని చెప్పుకొని పోవాలె?" అని కూర్చున్నారు. అడిగితే ఊఁ అనరు, ఉహుఁ అనరు. చూడండి, ఇప్పుడు కూడా దండ సర్దుకుంటున్నారు.

నేనెవరో తెలియనివారి కోసం: ఇంజినీరింగ్ పూర్తి చేసి, బాన్సువాడకు తిరిగొచ్చి, ఇంట్లో ఫ్యాను కింద విశ్రాంతి మీద పరిశోధన చేస్తుండిన వాణ్ని. బజారుకు పోతే ప్రతి ఒక్కరూ "ఇప్పుడేం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగేవారు. భద్రు సార్ ఒక్కరే "రేపు పొద్దుగాల గ్రౌండుకు వస్తవా?" అని అడిగారు. ఈ రెండు ప్రశ్నలకూ తేడా ఎంతో ఆ ఫ్యాను కింద పడుకున్నవాడికే తెలుస్తుంది. సరే, ఈ విషయం ఇక్కడితో ఆపుతాను. కళ్ళద్దాలు మసకబారుతున్నాయి, నాకింకా చాలామందిని వెక్కిరించే పని ఉంది.

ఒట్టి చేతులతో ఎందుకు పోవాలని ఒక సెన్సార్ పట్టుకుపోయాను. రేగుపండంత ఉంటుంది. బ్యాటు పిడి చివర బిగిస్తే, బ్యాటు ఎంత వేగంతో తిరిగింది, ఏ వాలులో వచ్చింది అన్నది ఫోనులో గీతగా గీసి చూపిస్తుంది. మన అమ్మాయిలు బ్యాటును పైనుంచి కిందికి, కట్టెలు కొట్టినట్టు దించుతున్నారని, అందుకే బంతి లేవకుండా నేల మీద దొర్లుతోందని మొదటి రోజే తేలింది. సార్ ఆ గీత చూసిన క్షణం నుంచి మనకు దక్కకుండా పోయారు. బడి గంట కొట్టే కర్రకు సెన్సార్ కట్టారు. మేడం సంతకం పెడుతుంటే పెన్నుకు కట్టబోయి మాటలు పడ్డారు. ఇంట్లో అమ్మగారి అప్పడాల కర్రకు కట్టి, గీత చూసి, "మణికట్టు మంచిగ తిరుగుతలేదు" అని చెప్పారు. ఆ పూట నుంచి కొన్నాళ్ళు సార్ మధ్యాహ్న భోజనం పిల్లలతో పాటు బడిలోనే చేశారు. (నవ్వులు) అమ్మగారూ, మీరు నవ్వుతున్నారంటే ఆ కేసు కొట్టేసినట్టేనా? కాదా? సరే.

ఒకరోజు సాయంత్రం సార్ ఫోను పట్టుకుని మా ఇంటికే వచ్చేశారు. "అరే అఖిలేశ్, గిదేందిరా! అలీజా బ్యాటు చూడు! నేలకు సమంగ, చాప పరిచినట్టు పోతుంది!" నిజంగానే అద్భుతమైన గీత. చివర్లో మాత్రం బ్యాటు ఒక్కసారి ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది. మర్నాడు అలీజా "సార్, అది నాది కాదు" అని మొత్తుకుంటే, "నీకేం తెల్వదు, ఊకో, డేటా చెప్తుంది" అని సార్ జట్టంతటికీ అదే ఊపు నేర్పించారు, చివర్లో ఉలిక్కిపడి వెనక్కి గెంతడంతో సహా. జిల్లా పోటీలో మన అమ్మాయిలు కొట్టిన బంతులు చెరుకు తోటలో పడ్డాయి, కొట్టిన ప్రతి అమ్మాయీ పాము కనబడ్డట్టు ఒక గెంతు గెంతి మరీ పరుగెత్తింది. మద్నూర్ జట్టు సార్ వచ్చి "గిదేం పద్ధతి?" అని అడిగితే, భద్రు సార్ ఆకాశం వంక చూసి "డేటా" అన్నారు. గెలిచాం.

కప్పు తెచ్చిన మర్నాడే గుట్టు బయటపడింది. వంటగది గోడ మీదికి కోతులు వచ్చాయి. మధ్యాహ్న భోజనం వండే మన పోసవ్వ, వరండాలో ఆనించి ఉన్న, సెన్సార్ బిగించిన అలీజా బ్యాటు అందుకుని, గోడ మీది కోతుల వరుసను ఒక్క ఊపులో ఖాళీ చేసింది. పెద్దకోతి తిరిగి పళ్ళు చూపించగానే పోసవ్వే ఉలిక్కిపడి వెనక్కి గెంతింది. సార్ ఫోను చూశారు, పోసవ్వను చూశారు, మళ్ళీ ఫోను చూశారు. అదే గీత. అలీజా పేరు మీద ఉన్నది కోతుల మీది కోపం!

మరొకరైతే సిగ్గుపడేవారు. సార్ మాత్రం చేతులు జోడించి, "పోసవ్వా, ఇంకొక్కసారి కొట్టు" అన్నారు.

"కోతి ఏది సారూ? ఉత్త గాలిని కొట్టుమంటె నా చెయ్యి లేస్తదా?"

సార్ నా వైపు తిరిగారు. "అఖిలేశ్, గోడెక్కి కూసో."

"సార్, నేను బీటెక్."

"అయితే ఏంది? కోతికి పరీక్ష పెడుతమా? ఎక్కు."

ఎక్కాను. పోసవ్వ బ్యాటు ఎత్తి, దించి, "గీ కోతి పండ్లు ఇకిలిస్తలేదు సారూ" అంది. "ఇకిలించురా" అన్నారు సార్. ఇకిలించాను. నా పట్టాకు తగిన మొదటి ఉద్యోగం అలా దొరికింది. (చాలాసేపు నవ్వులు)

ఇప్పుడు నవ్వు ఆపి వినండి. సార్, మీ ఏ ఉద్యోగ కాగితం చూసి ఈ అమ్మాయిలు తెల్లవారకముందే గ్రౌండుకు వచ్చారు? మిమ్మల్ని చూసి వచ్చారు. ఎన్ని సెన్సార్లు కట్టినా ఆ ముక్క గీతలో రాదు. వచ్చి ఉంటే ఫోను మీ చేతిలో పెట్టి ఊరుకునేవాణ్ని, ఇంతసేపు మైకు పట్టుకునేవాణ్ని కాదు.

ఈ జట్టుకు నేను శాస్త్రీయ సలహాదారుణ్నని దండోరా వేసుకున్నాను. అబద్ధం. సెన్సార్ కొలిచింది, పోసవ్వ కొట్టింది, మీరు నేర్పించారు, పిల్లలు గెలిచారు. నేను సొంతంగా చేసింది ఒక్కటే. నిన్న ఆటగాళ్ళ ఇండ్లన్నీ తిరిగాను. అలీజా వాళ్ళ నాన్న కాసిం అన్న గడపలోనే నిలబెట్టి, "భద్రు సార్ వస్తుండా లేదా? అదొక్కటి చెప్పు బేటా" అన్నాడు. "వస్తుండు, నాతో ఆయనే చెప్పిండు" అన్నాను. ప్రతి ఇంట్లోనూ అదే మాట. కాసిం అన్నా, కూర్చో, కోపం తర్వాత. సార్, మీరు నాతో ఆ మాట అనలేదు. పిల్లల బ్యాగులు మాత్రం సర్దడం అయిపోయింది. బస్సు శనివారం పొద్దున. ఇంతసేపు నన్ను భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మైకు సార్‌కు ఇస్తున్నాను. సెలవు.