పోచమ్మను సూరతుకు పిలిచిన

“అమ్మమ్మా, రేపు బాబుకు తట్టు సూది ఏస్తరట. దాంతోని కండ్లకు మంచిదని విటమిన్-ఏ మందు గూడ తాపిస్తరట. తాపియ్యాల్నా, వద్దా?”

గదేం అడుగుడే. తాపియ్యి. నువ్వు పోకుంటే నేనే సంకనేసుకొని పోత. కూసో, జర ఇను.

మీ అమ్మకు ఐదేండ్లప్పుడు... ఐదు గాదు, ఆరు, అప్పటికే బడిల ఏసినం... తట్టు పోసింది. గీ సూరతుల, గీ గోడాదరా గల్లీలనే. అమ్మవారు పోసినింట్ల పోపు పెట్టరు, నూనె ముట్టరు, గుడ్డు తేరు, నీకెరికే గద. తట్టు వారంల తగ్గింది. గని సిరిసిల్లకెళ్లి మా అత్త కబురు పంపింది, ఊరికొచ్చి పోచమ్మకు బోనం పెట్టినంకనే పోపు పెట్టుండ్రి అని. మీ తాతకేమో సేటు ఛుట్టీ ఇయ్యడు, బట్ట నేసే సాంచెలు ఎవరు నడుపాలె అంటడు. గట్ల రెండు నెల్లు ఉత్తగ ఉడకేసిన ఆకుకూర, చారు. రూపాయికి గుడ్డొచ్చేటి రోజులు, అయినా తేలే నేను.

ఒకనాడు దీపాలు పెట్టే యాల్ల మీ అమ్మ నడుసుకుంటొచ్చి అన్నం గిన్నెల కాలు పెట్టింది. కండ్లు నెత్తికెక్కినయా అని ఒక్కటిచ్చిన. పిల్ల ఏడ్సుకుంట, “కనవడ్తలేదే అమ్మా” అన్నది. గా దెబ్బ యాదికొస్తే గిప్పటికీ నా పానం తన్లాడుతది బిడ్డా.

తెల్లారి సర్కారు దవాఖాన్ల నర్సుబెన్ దగ్గరికి ఉరికిన. రేచీకటి అన్నది. తట్టు పోస్తే పిల్లల ఒంట్ల గా విటమిన్-ఏ ఒడుస్తదట. మందు తాపి, “ఆకుకూర పెడ్తున్నవు, నూనె లేకుంటే అది ఒంటికెట్ల పడ్తది? గుడ్డు గూడ పెట్టు. గిట్లనే ఇడిసిపెడ్తె చూపే పోతది” అన్నది. మరి అమ్మవారో? బోనం పెట్టకుంట పోపు ఎట్ల పెట్టాలె?

ఇగ ఇను, నేనేం జేసిన్నో. గా గల్లీ నల్లా పక్కన మూడు ఇటుకలు నిలవెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త కుండల బోనం ఒండి పెట్టిన. “తల్లీ, నాకు ఊరికొచ్చే తొవ్వ లేదు. నువ్వే సూరతుకు రా. కోపమొస్తే నా కండ్లు తీస్కో, పిల్లయి ఇడిసిపెట్టు” అన్న. ఇంటికొచ్చి మునగాకుకు ఎల్లిపాయ, ఎండుమిరపకాయ ఏసి సుయ్యిమని పోపు పెట్టిన. పక్కింటి గుజరాతీ బెన్ తుమ్ముకుంట తలుపు తీసింది. మీ తాతైతే రెండు దినాలు నాతోని మాట్లాడలే.

ఇంకో రెండు దినాలకు, గదే పొద్దుమీకి యాల్ల, మీ అమ్మ నా మొకం దిక్కు చూసి, “అమ్మా, నీ ముక్కుపుల్ల మెరుస్తుంది” అన్నది. నేను ఏడ్సిన. మీ తాత గప్పుడే పొయ్యి గుడ్లు తెచ్చిండు.

గిప్పుడు మీ అమ్మ సలాబత్‌పురా బజార్ల సేటు దగ్గర చీరెలు చెకింగు చేస్తది గద. ఒక్క పోగు తెగినా పట్టుకుంటది. “నిర్మలాబెన్ చూసిందా” అని అడిగినంకనే సేటు మాలు పంపుతడట. గా మూడు ఇటుకల కాడనే గిప్పుడు గల్లీ ఆడోళ్లంత బోనాలు పెడ్తున్నరు. మొదలు పెట్టింది ఎవరు? నేను.

పొద్దుగాల్నే తీస్కపో. సూదికి జొరమొస్తే వస్తది, పోతది. నీ కొడుకు సల్లగుండాలె, వాని కండ్లు సల్లగుండాలె. అమ్మవారు ఏమన్న అంటే నా పేరు చెప్పు. ఆమెకు నేను ఎరికే.