పిస్తోలు జేబు

కరీంనగర్‌లో ఒక చిన్న కుట్టు దుకాణం. భర్త పోయాక గ్రానైట్ క్వారీని తనే నడుపుకుంటున్న ఆమె కుర్తా గుడ్డ తెచ్చింది. టైలరమ్మ కొలతల టేపు అందుకుంది.

“చెల్లె, దీనికి లోపట ఒక జేబు గావాలె.”

“ఫోనుకా అక్కా?”

“పిస్తోలుకు. లైసెన్సు అచ్చింది. తుపాకుల దుకాణంల రెండు చూపెట్టిండ్రు. చిన్నదైతే బట్టల్ల కనవడదట. రేపు కొంట.”

“అవ్వో! గంత పరేషాన్ ఏమచ్చింది?”

“క్వారీ అమ్మమని ఎవలో ఫోన్లు చేస్తుండ్రు. నీ పిల్లలు ఏ బడికి పోతరో మాకెరికే అంటుండ్రు. పోలీసోళ్లకు చెప్పిన. అయినా భయం పోతలేదు.”

“సరే, జర సక్కగ నిలవడు. ముంగట, నడుము కాడ పెట్టాల్నా?”

“గక్కడ వద్దు. మా చిన్నబిడ్డ ఉరికచ్చి తల గాన్నే ఆనిస్తది.”

“మరి పక్కకు?”

“బండి మీద పెద్దోడు ఎన్క కూసోని రెండు పక్కలు గట్టిగ పట్టుకుంటడు.”

“పోనీ, బ్యాగుల పెట్టుకో.”

“చాక్లెట్లున్నయా అని నాకన్న ముందు వాళ్లే బ్యాగు తీస్తరు.”

టైలరమ్మ నవ్వింది. క్వారీ ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

“ఏడ పెట్టినా వాళ్ల చేతులకే దగ్గరుంటది చెల్లె. నేను కొననే కొన.”

“అయితే జేబు వద్దా?”

“కుట్టు. పైకి కనవడేటట్టు పెద్దగ కుట్టు. లైసెన్సు అచ్చిందని నీ దగ్గరికచ్చేటోళ్లందరికి చెప్పు. కొనలేదని మాత్రం ఎవలకు చెప్పకు.”

“చెప్పను గని, మరి అండ్ల ఏం పెడ్తవక్కా?”

“ఎవడన్న ఎదురస్తే, చెయ్యి పెడ్త.”