రెండు ఫారాలు

మళ్ళీ అదే మాట. నువ్వే చెప్పమ్మా, నువ్వే చెప్పమ్మా అంటూ పొద్దుట్నుంచి నా వెనకే తిరుగుతున్నావు. ఐదింటికల్లా కాలేజీకి ఫారం పంపాలి, అంతేగా? ఆఖరి సెమిస్టరు ఆ కంపెనీలో పనికి వెళ్తావో, ఇక్కడే స్నేహితులతో ప్రాజెక్టు చేసుకుంటావో నేనెలా చెప్పను? చదివేది నేనా?

ఇలా కూర్చో. ఆ చొక్కాలు అటు జరుపు, ఇస్త్రీపెట్టె వేడిగా ఉంది. చిన్నోడా, నువ్వూ రా, చెవుల్లోవి తీసి. మీ పెద్దమ్మ కథ ఒకటుంది, మీరెప్పుడూ వినలేదు. అందరికీ ఇంత దూరంలో పెరిగారు, మీకెవరు చెప్తారు? నేను చెప్పాలి. చెప్పలేదు.

పెద్దమ్మని కాలేజీలో కొలతలమ్మ అనేవారు. చేతిలో టేపు లేకుండా కనపడేది కాదు. క్యాంటీను బల్ల కొలిచేది, హాస్టల్ మెట్లు కొలిచేది. రేపు మొగుణ్ణి కూడా కొలిచే తెచ్చుకుంటుంది అని వార్డెనమ్మ ఏడిపించేది. ఆవిడది కట్టడాల చదువు. నేను రెండేళ్ళు వెనక. అదే కాలేజీ, ఒకే గది. పొద్దున్నే నా బట్టలు కూడా తనే ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టేది.

ఆఖరి సెమిస్టరుకి ఆవిడకీ ఇదే గొడవ. నది మీద వంతెన కడుతున్నారు, ఆర్నెల్లు అక్కడికెళ్ళి పని చేయొచ్చు. లేదంటే కాలేజీలోనే ఉండి ల్యాబులో కాంక్రీటు దిమ్మలు పగలగొట్టి లెక్కలు రాసుకోవచ్చు. వంతెనంటే ప్రాణం. కానీ నాలుగేళ్ళ స్నేహితులు, ఆ చివరి నెలలు మళ్ళీ రావు కదా. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది పాపం. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది.

చివరికి ఏం చేసిందో తెలుసా? అతి జాగ్రత్త మనిషి కదా, రెండు ఫారాలూ నింపింది. రెండింటి మీదా సంతకం పెట్టింది. గడువు రోజున, కళ్ళారా చూస్తేగానీ తేలదంటూ వంతెన దగ్గరికి బస్సెక్కింది. ఫారాలు నా చేతిలో పెట్టి, మూడింటిలోపు హాస్టల్ ఆఫీసుకి ఫోన్ చేస్తాను, ఏది చెబితే అది వెయ్యి అంది. చెయ్యకపోతే కాలేజీదే వేసెయ్యమంది.

ఆఫీసు ఎదురుగా వరండాలో చెక్కపెట్టె ఉండేది. నాలుగింటికి అటెండరు తాళం తీసి కాయితాలు పట్టుకుపోయేవాడు. ఒకసారి పడిందంటే ఇక అంతే.

మూడైంది. ఫోన్ రాలేదు. మూడూ ఇరవైకి వచ్చింది. వెనక ఏవో ఇనుప చప్పుళ్ళు. ఆయాసపడుతూ, “వంతెనే. వంతెనే వెయ్యి” అంది.

“మూడు దాటింది కదక్కా. కాలేజీది వేసేశాను.”

పోనీలే, తప్పు నాదే అంది.

ఆ ఇరవై నిమిషాల కథే ఆవిడ ఇప్పటికీ తన విద్యార్థులకి చెబుతుంది. అవును, వంతెనలు కట్టలేదు, లెక్కల టీచరైంది. నాన్చకండర్రా, నాన్చి నేను ఇలా అయ్యాను అంటుందట. నవ్వుతూనే అంటుందట. ముప్పై ఏళ్ళుగా.

అలా చూడకు తల్లీ, చెబుతున్నాగా.

ఫోన్ మాట్లాడుతున్నప్పుడు రెండు ఫారాలూ నా చేతిలోనే ఉన్నాయి. పెట్టె ఇరవై అడుగుల దూరం. అటెండరు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. నేను అప్పటికి ఏదీ వెయ్యలేదు.

ఎందుకంటే ఏం చెప్పను? ఆ గదిలో ఆర్నెల్లు ఒక్కదాన్నే పడుకోవాలంటే భయమేసింది. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు. రిసీవరు పెట్టేసి, నింపాదిగా నడిచి వెళ్ళి, కాలేజీది పెట్టెలో వేశాను. వంతెనది నాలుగు ముక్కలు చేశాను.

అందుకే నన్నడక్కు. నేనైతే ఉండిపొమ్మనే అంటాను. నీ మంచికే అని కూడా అంటాను. ఆ మాట నమ్మకు.

నాలుగున్నరైంది. వెళ్ళి నీ ఫారం నువ్వే నింపుకో. ఒక్కటే నింపు.

ఇంకోమాట. ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేస్తుంది. నాకైతే నోరు పెగలదు, ప్రతి ఆదివారం ప్రయత్నిస్తూనే ఉన్నాను. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఈ కథ ఆవిడకి చెప్పండి. తప్పు తనది కాదని చెప్పండి.

చూశారా, నా కాయితం కూడా తీసుకొచ్చి మీ చేతిలోనే పెడుతున్నాను. ఏం చేయను, మా ఇంటి అలవాటు.