సల్వాకు ఎడం పక్కా, కుడి పక్కా

"అత్తా, నువ్వు అమెరికా గూడా పోయొచ్చినావంట గదా? మా నాయన చెప్పినాడు. నిజమేనా?"

మీ నాయన చెప్పినాడా? నేను పావలా చెప్తే ఊర్లో రూపాయి చెప్తాడు మా తమ్ముడు. నిజమే మే రెడ్డెమ్మా, పోయొచ్చినా. మూడేండ్లాయ. కాదుండు, మీ అక్క పెండ్లి ఎప్పుడు? ఆ, దానికి ముందు ఎండాకాలం. అయితే రెండేండ్లే. పోయొచ్చినా గానీ యాడికి పోయొచ్చినానో చెప్పమంటే మాత్రం నాకు తెల్దు. ఈడ కువైట్‌లో, ఫర్వానియాలో ఉండే మనోళ్లు గూడా అడుగుతారు, ఏం చూసినావు ఈశ్వరమ్మా అమెరికాలో అని. ఏం చూసినా? మొక్కజొన్న చూసినా. నవ్వాకు. ఆ ఉర్లగడ్డలు ఇట్ల జరుపు, తోలు తీసుకుంటా చెప్తా. నువ్వెట్లాగూ ఈ ఇంట్లోనే పని చెయ్యాల, నీకు తెలిసుండేది మంచిదే.

నేను ఈ సల్వాకు, ఈ ఇంటికొచ్చి ఇరవై ఎనిమిదేండ్లు. అప్పుట్లో ఖైతాన్ బజార్లో నూరు ఫిల్సు చిల్లర పెడితే ఇద్దరం కడుపునిండా తినేవాళ్లం. ఇప్పుడు నూరు ఫిల్సుకు టీ నీళ్లు గూడా రావు. సరే, అది వదిలెయ్. నేనొచ్చిన కొత్తల్లో పక్కింట్లో ఒగామె పని చేస్తాండె, మన చిట్వేలామె, పోయింది పాపం. ఆమె నాకు నేర్పింది ఒగటే. "పాపా, అరబ్బీ వచ్చినా రాకున్నా ఐవా అను, అంటే అవునని. ఇంటాయనకు ఐవా బాబా, ఇంటామెకు ఐవా మామా. లా అనే మాట మన నోట్లో ఉండగూడదు. కాదు, లేదు అన్నామంటే ఎదురు చెప్పినట్ల" అనింది. అంతే, పట్టుకున్నా. ఉప్పు ఎక్కువేసినావా అంటే ఐవా. వెయ్యకున్నా ఐవా. అరిచేదేదో అరిచేసి పోతారు, మన పని మనది. నువ్వూ అట్లే అంటాండావులే, నిన్న చూసినా.

ఆ, అమెరికా. మన బాబా చిన్నప్పుడు ఆడ సదువుకున్నాడంట. పెద్ద టౌను గాదు, ఒగ పల్లెటూరు. ఆ ఊర్లో ఒగ దొరసాని ఇంట్లో గది తీసుకోని నాలుగేండ్లు ఉండినాడంట. ఆమె ఈయనకు రొట్టెలు కాల్చి పెట్టేదంట, జరమొస్తే పక్కన కూర్చునేదంట. వాళ్లమ్మ చచ్చిపోయిందని కువైట్ నుంచి జాబు వచ్చిన దినం ఈయన్ని ఒళ్లో పండుకోబెట్టుకోని ఏడ్చిందంట. ఆ ఇల్లు మామాకు చూపియ్యాలని ఈయన ఆశ. ఒగ బండి బాడుగకు తీసుకోని నేనే తోల్తా అన్నాడు. పెద్ద కొడుకు వద్దు బాబా, నేనూ వస్తా అంటే వింటాడా? మామాకు మోకాళ్ల నొప్పులు, అందుకని నన్ను తోడుకోని పోయినారు.

ఆ బండిని ఆర్వీ అంటారంట. మనూరి బస్సంత ఉండాది. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జి, కొళాయి, కక్కసు గూడా దాంట్లోనే. ఇల్లు పోతాంటుంది, నేను ఎర్రగడ్డలు తరుగుతాంటా. పొద్దున తలుపు తీస్తే నిన్నటి ఊరు ఉండదు. నాకు తల తిరిగిపోయేది మే. ఇంగోటి ఏమంటే, మామా మాత్రేసుకోని వెనక మంచంలో పండుకుంటే నన్ను ముందర బాబా పక్క సీట్లో కూర్చోమన్నారు. ఇరవై ఆరేండ్లలో ఎప్పుడన్నా కూర్చున్నానా ముందు సీట్లో? చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్దు నాకు.

ఊర్లంటే ఎట్లుంటాయనుకున్నావు? నాలుగు కాళ్ల మింద ఒగ నీళ్ల ట్యాంకు, దాని మింద ఊరి పేరు. నాకు సదవను రాదు. గింజలు పోసే రేకు గాదెలు, మేడంత ఎత్తువి. ఒగ చర్చి, ఒగ పెట్రోలు బంకు, ఒగ జెండా. ఊరు అయిపోయె. మళ్లా మొక్కజొన్న. మళ్లా ట్యాంకు, మళ్లా గాదెలు. చేన్లో ఒగ మనిషి అగపడడు. కలుపు తీసేవాళ్లు లేరు, కాపలా లేదు, మరి పైరు ఎట్ల అయితాదో. ఎదురుగా వచ్చే బండ్లోళ్లు మాత్రం స్టీరింగు మిందనుంచే ఒగ వేలెత్తి పలకరిస్తారు. నేను చెయ్యెత్తి దండం పెట్టేదాన్ని. ఏం చెయ్యాలో తెలియకనే.

బాబా నన్ను అడుగుతాడు, "ఈ ఊరికి మనం ఇంతకుముందు రాలేదు గదా?" ఐవా బాబా. కొంచేపుంటే, "పొద్దున ఈ బంకులోనే గదా పెట్రోలు పోసుకున్నాం?" ఐవా బాబా. నాకేం తెలుసు? ఆయనేమో నా మాట నమ్మి బండి తిప్పుతాడు. గుడ్డెద్దు చేన్లో పడినట్ల తిరిగినాం పో. మూడో దినమో నాలుగో దినమో, తెల్ల కొయ్య ఇల్లు, ముందర వసారాలో ఉయ్యాల బల్ల ఉండేది అగపడింది. "ఇదే, ఇదే" అని ఎగిరి దిగినాడు. మామా మాత్రేసుకోని వెనక నిద్దర్లో ఉండాది, ఆమెకేం తెల్దు. నేను ఖర్జూరాల డబ్బా పట్టుకోని వెనకాల పోయినా. ఆ దొరసానికిద్దామని కువైట్ నుంచి మోసుకోని పోయిన డబ్బా, ఒగటే డబ్బా. తలుపు తీసిందొక ముసలామె. బాబా ఆమె చేతులు పట్టుకోని ఒగటే మాటలు. ఆమె తల అడ్డంగా ఆడిస్తాంది. నాకు ఇంగ్లీషు రాకున్నా తల ఆడించేది తెలుస్తాది గదా. అయినా మంచి మనిషి. కూర్చోబెట్టి ఏదో తీపి రొట్టె కోసిచ్చింది, ఈయన చెయ్యి నిమిరింది. ఖర్జూరాలు తీసుకుంది. ఈయన కండ్లల్లో నీళ్లు. నేను అనుకున్నా, సరే, దొరికింది, ఇంగ ఇంటికి పోవచ్చని.

ఈ ముక్కలు పెనంలో వెయ్యి, చెప్తా. మరుసటి దినం ఇంగో ఊరు. మళ్లా ట్యాంకు, గాదెలు. మళ్లా తెల్ల ఇల్లు. బాబా బండి ఆపి, "ఇదే, ఇదే" అన్నాడు. అదే మాట, అదే ఎగిరేది.  నిన్నటి సంగతి ఆయన తలకాయలో లేనే లేదు. "ఖర్జూరాల డబ్బా తే" అన్నాడు. యాడ తేను? నిన్న ఇచ్చినాం గదా బాబా అని నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే మామా వెనకనుంచి లేచి, "ఏమే, డబ్బా తేవడం మర్చిపోయినావా?" అనింది. బాబా నా మొగం చూస్తాండాడు. నేనేమన్నా? ఐవా మామా, మర్చిపోయినా అన్నా. ఎంత తిట్టిందో! ముసలిదానివైపోయినావు, నీకు మతిమరుపు వచ్చింది అనింది. నాకు! ఏడుపొచ్చింది గానీ తిట్లకు గాదు. మొగునికి మతి పోతాందని పెండ్లానికి చెప్పేదెట్ల? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెప్తే, పనిమనిషివి, నా మొగున్ని పిచ్చోడంటావా అంటాది. చెప్పకుంటే ఆయన అంత పెద్ద బండి తోల్తాండాడు. ఆ ఇంట్లో ఎవరూ తలుపు తియ్యలేదు. అయినా మామా సంబరపడింది, అల్హందులిల్లా, ఇల్లు చూసినాం అని ఫోటో గూడా తీసుకుంది.

ఆ సాయంత్రం, పొద్దు ఇంగా ఉండాది, నాలుగు దోవలు కలిసే తావున బాబా బండి నిలబెట్టినాడు. గేరు తీసేసి కూర్చున్నాడు. నాలుగు పక్కలా మొక్కజొన్నే. వెనక ఒగ లారీ హారను కొడతాంది. నా పక్క తిరిగి, నెమ్మదిగా, చిన్నపిల్లోడు అడిగినట్ల అడిగినాడు. "ఈశ్వరీ, సల్వాకు ఎడం పక్కా, కుడి పక్కా?"

ఐవా అనేదానికి గూడా లేదు మే. ఎడమా కుడా అంటే ఐవా అంటే ఎట్ల?  అప్పుడు అన్నా. "లా బాబా. ఇది సల్వా గాదు. మనం అమెరికాలో ఉండాం." ఆయన మొగం మారిపోయింది. "నువ్వెవరు నాకు చెప్పేదానికి?" అని స్టీరింగు మింద గుద్ది, గేరు వెయ్యబోయినాడు. నేను తాళం తిప్పేసి లాక్కోని గుప్పిట్లో పెట్టుకున్నా. ఏం ధైర్యమో, వీరభద్ర సామే చేయించినాడో. బాబా నా గుప్పిట విప్పాలని పెనుగులాడినాడు, గోర్లు గూడా దిగినాయి. నేను ఇయ్యలేదు. మామా లేచొచ్చింది. ఆడనే, బండి మధ్యలో నిలబడి, ఖర్జూరాల కాడినుంచి అంతా చెప్పేసినా.

మామా మంచం మింద కూలబడింది. తీసుకున్న ఆ ఫోటో చూసుకుంది. మళ్లా అడిగింది, "ఆ రెండిండ్లల్లో ఏది నిజం ఇల్లు?" తెల్దు మామా. రెండూ గాదేమో. అసలా ఊరే గాదేమో. ఇప్పటికీ తెల్దు నాకు. లారీ ఆయనే దిగొచ్చి మా బండి పక్కకు పెట్టించినాడు. పెద్ద కొడుకు విమానమెక్కి వచ్చిందాకా మేం ఆ ఊరి బంకు కాడనే ఉండినాం.

అప్పుటినుంచి బాబాను కారు తోలనియ్యలేదు. ఆయనకు అమెరికా గుర్తు లేదు. బండి గుర్తు లేదు. నా పేరు గూడా గుర్తు లేదు. నేనంటే కోపం మాత్రం ఉండాది. ఎందుకు కోపమో ఆయనకే తెల్దు. నేను ప్లేటు తీసుకోని గదిలోకి పోతే మొగం గోడకు తిప్పుకుంటాడు. నేను పెడితే తినడు. ఇరవై ఆరేండ్లు నా చేతి కూడు తిన్న మనిషి. మామా ఒగ పూట, నువ్వు మొదటి దినమే చెప్పాల్సింది అంటాది, ఇంగో పూట, నువ్వు ఆ మాట అనకుంటే బాగుండు అంటాది. నేను దేనికని ఏడ్చేది? తప్పు చేసినానో, మంచి చేసినానో, తెల్దు రెడ్డెమ్మా. ఆ తాళం ఇచ్చేసుంటే ముగ్గురం యాడుంటిమో. ఇయ్యకపోతే ఇదీ. ఆయన బక్కచిక్కిపోతాంటే మామానే అనింది, మీ ఊరినుంచి నెమ్మదైన పిల్లనెవరినన్నా పిలిపియ్యి, నువ్వు ఖలాస్ చేసుకోని పో అని. ఏడ్చుకుంటానే అనింది, ఆమెను నేను తప్పు పట్టను. నేనే నిన్ను పిలిపించినా. వచ్చే జుమ్మా, శుక్కురారం, ఊరికి నా టికెట్టు.

అయ్యో, మాటల్లో పడి… ఉర్లగడ్డలు వేగినాయి చూడు. రొట్టె చిన్న చిన్న తుంపులు చెయ్యి, ఆయనకు పండ్లు లేవు. పెరుగు పక్కన పెట్టు. నువ్వే పో. నేను రాను, నన్ను చూస్తే ఆ తినేది గూడా తినడు. మంచం పక్కన కిందనే కూర్చో, తొందరపెట్టాకు. యల్లా, పో.

…

వచ్చినావా? అంత తొందరగానా? తిన్నాడా? ఏదీ, ప్లేటు చూపియ్యి. అంతా తిన్నాడే! పెరుగు గూడానా? ఇంగా అడిగినాడా! ఉండు, కండ్లు తుడుచుకోనీ, ఎర్రగడ్డల ఘాటు అనేదానికి అవీ లేవులే ఈడ, ఊరికే… పెట్టు తల్లీ, ఇంగొంచెం పెట్టుకోని పో. నీ చెయ్యి సల్లంగుండ.