పూతకొచ్చిన ఉల్లిమడి

జపాన్‌లో నాగానో కొండల్లో ఒక పల్లె. ఆసుపత్రి నుంచి ఆ పొద్దున్నే ఇంటికొచ్చిన పెద్దావిడ ముందు పొరుగింటావిడ వేడివేడి టెంపురా బజ్జీలు పెట్టి కూర్చుంది.

“కమ్మగా ఉందే. ఏం వేయించావు?”

“మీ పెరట్లో ఉల్లిపూల మొగ్గలే అక్కా. మీరు ఆసుపత్రిలో ఉండగా గుండు సన్యాసుల్లా బారులు తీరాయి. చూసినవాళ్లు బద్ధకపు కొంప అనుకోరూ? అన్నీ కోసేశాను.”

“అన్నీనా?”

“అన్నీ. పూత వచ్చాక తినే కాడ కట్టెపుల్లే కదా. మొక్కలు పీకేసి వంగనారు కూడా పెట్టేశాను.”

“అవి విత్తనానికి వదిలానే. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన ఉల్లి అది.”

“అయ్యో. డబ్బాలో పాత విత్తనం లేదా?”

“ఉంది, ఏం లాభం? అది మూడేళ్ల నాటిది, ఉల్లి విత్తనం అన్నాళ్లు ఆగితే మొలవదు. ఇంకెక్కడా లేదే ఆ ఉల్లి.”

“ఎవరింట్లోనూ లేదా?”

“ఎవరికిచ్చాను గనక?”

“నేనడిగాను అక్కా. ఏటా అడిగాను. ‘నేను పోయాక తీసుకుందువులే’ అన్నారు. అప్పుడే ఒక్క నారుకట్ట నా చేతిలో పెట్టుంటే, ఇవాళ మా పెరట్లో పూస్తూ ఉండేది.”