కప్పు ముట్టుకోనివ్వని బావ

ఏంటీ, ఇన్సూరెన్సు వాళ్లొచ్చి చూసేదాకా ఇంటికప్పు ముట్టుకోవా? ఎవడు చెప్పాడ్రా నీకా మాట? కూర్చో, కూర్చో. అచ్చం మా బావలాగే మాట్లాడుతున్నావు. మా అక్క మొగుడు, నువ్వు పుట్టకముందే పోయాడులే. కోర్టులో గుమస్తా. జడ్జీకన్నా తనకే ఎక్కువ తెలుసనుకునేవాడు. ఇంట్లో గ్లాసు పగిలినా ఎవరూ కదలకూడదు, ముందు విచారణ జరగాలి. ఆ మనిషితో మా అక్క ఎలా వేగిందో ఏమో.

ఓసారి పెద్ద గాలివానొచ్చింది. వాళ్ల వెనకగది మీద పెంకులు ఓ వరసంతా లేచిపోయాయి. ఆ గదిలో బావ వాళ్లమ్మ ఉండేది, మంచం దిగలేని మనిషి. తెల్లారి నేను వెళ్లేసరికి మా అక్క మంచాన్ని గోడవారకి లాగి, ఆవిడ మీద గొడుగు పట్టుకుని కూర్చుంది. ఇంట్లో గొడుగురా! టార్పాలిన్ తెచ్చి కప్పేద్దాం బావా అన్నాను. నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు మహానుభావుడు. "పాలసీ ఉంది. సర్వేయరు వచ్చి చూడాలి. ఈలోగా సాక్ష్యం చెడగొడితే క్లెయిము పోతుంది" అని. పోనీ ఫొటోలు తీసి పెట్టుకుని కప్పుకోవచ్చు కదా అంటే, ఫొటోలు ఎవడైనా తీస్తాడు, అసలుది చూపించాలిట. ఆవిణ్ణి ముందుగదిలోకి మార్చమన్నాను. మంచం తలుపులో పట్టదు, విప్పాలి. విప్పితే అదీ సాక్ష్యం చెడగొట్టడమేనట. మంచం అక్కడే వదిలేసి ఆవిణ్ణి ముందుగదిలో కింద పడుకోబెట్టడానికి సాక్ష్యం అడ్డొచ్చిందా? అది ఆయన బుర్రకి తట్టలేదు.

సర్వేయరు ఎక్కడొస్తాడు, ఊరంతా కప్పులెగిరిపోతే? మళ్లీ వాన పట్టుకుంది. సీలింగు ఉబ్బి ఉబ్బి, ఓ పెద్ద పెళ్ల ఊడి ఆవిడ కాళ్ల దగ్గర పడింది. ఇంక నేనెవరినీ అడగలేదు, ఆవిణ్ణి భుజానేసుకుని మా ఇంటికి తీసుకొచ్చేశాను. బావ ఆపలేదు. దుప్పటి మాత్రం వదిలి వెళ్లమన్నాడు. తడిసింది కదా, చూపించాలిట.

చివరికి వచ్చాడు సర్వేయరు, జలుబు చేసిన బక్కమనిషి. పైకెక్కాడు, చూశాడు, దిగాడు. ఇన్నాళ్లూ ఎందుకు కప్పలేదండీ అని అడిగాడు. మావాడు ఛాతీ విరుచుకుని, మీకోసమే, ఎక్కడిదక్కడే ఉంచాను అన్నాడు. ఆయన ముక్కు తుడుచుకుని నెమ్మదిగా చెప్పాడు. "పెంకులు గాలికి పోయాయి, అవి మేమిస్తాం, పాతవి గనక కాస్త తగ్గించి. సీలింగు, గోడలు, మంచం మాత్రం మీరు తడుపుకున్నవి సార్. నష్టం పెరగకుండా చూసుకోవడం మీ పని. మీ పాలసీలోనే రాసుంది." ఊళ్లో వాళ్లందరి కాగితాలూ చదివేవాడు, ఇంట్లో ఉన్న పాలసీ చదవలేదు, చూశావా! మా అక్క అక్కడే ఉంది. మొగుడి మొహం కూడా చూడలేదు. "తమ్ముడూ, టార్పాలిన్ పట్రా" అంది. నేను తెచ్చేలోగా కొంగు బిగించి తనే నిచ్చెనెక్కింది.

ఇచ్చేది తీసుకుంటే ఓడిపోయినట్టేనని బావ పేచీ పెట్టాడు. ఇల్లు అక్క పేరు మీద ఉంది, పాలసీ కూడానూ. సంతకం పెట్టి తీసుకుని పెంకులు వేయించింది, సీలింగుకి తన గాజులు అమ్ముకుంది. అప్పుడూ ఈయన పక్కన నిలబడి పనివాళ్లకి చట్టం చెప్పాడు.

బావ వాళ్లమ్మ మాత్రం మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. బావ రోజూ సాయంత్రం కోర్టు నుంచి ఇటే వచ్చి మా గుమ్మంలో నిలబడేవాడు. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. "కప్పు బాగైందమ్మా, రా" అనేవాడు. "నాకిక్కడ పొడిగా ఉందిరా" అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. ఆవిడ పోయేదాకా అంతే. ఈయన ఇంకాసేపు అలాగే నిలబడేవాడు... ఏడ్చాడా అంటే ఏం చెప్పను, నేనటు చూసేవాణ్ణి కాదు.

కాఫీ చల్లారిపోతోంది, తాగు.