జుమ్మా విడిచే వేళ

అరబ్బు దేశంలో, రాస్ అల్ ఖైమా ఊరి చివర, కొండల వైపు ఒక పాత విల్లా. ముబారక్ వాకిట్లోని కారు దగ్గర నుంచి తాళం చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. భార్య మెహరున్నీసా పొయ్యి దగ్గర, తల్లి గోడవార పీట మీద ఉన్నారు.

"మెహరూ, ముందు సీటు మళ్ళీ ఎవరు వాల్చారు?"

"ఏ సీటండీ?"

"కార్లో. డ్రైవర్ పక్క సీటు. రాత్రి నిలబెట్టి తాళం వేశాను. పొద్దున చూస్తే మంచంలా పడుకుని ఉంది."

"నాకేం తెలుసు. టీ పోయనా?"

"టీ సంగతి తర్వాత. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే."

"స్ప్రింగు పోయిందేమో. బండి పాతదైంది కదా."

"స్ప్రింగు పోతే తాళం దానంతటదే తీసుకుంటుందా?"

"అబ్బ, ఒక సీటు కోసం పొద్దున్నే ఇంత గొడవా! వాలితే లేపండి."

"సీటు కోసం కాదు. తలుపు తీయగానే నాన్న అత్తరు వాసన గుప్పుమంది."

"చక్కెర ఒకటి చాలా, రెండు వెయ్యనా?"

"పెళ్ళైన దగ్గర్నుంచీ ఒకటే వేస్తున్నావు. మాట తప్పించకు. బండి తోలుదామని ఎక్కుతున్నావా?"

"తోలాలంటే స్టీరింగ్ ముందు కూర్చుంటా గానీ, పక్క సీటు వాలుస్తానా?"

"ఏమో. చిలకలూరిపేటలో మీ నాన్న పరుపుల బండి తోలిన చేతులు కదా, ఊరికే ఉండవు."

"తోలాను. ఎవరింటికి పరుపులు కావాలంటే వాళ్ళింటికి దించి వచ్చేదాన్ని. అదేమన్నా దొంగతనమా?"

"ఇక స్టీరింగ్ ముట్టుకోనని మా నాన్న ముందు ఒప్పుకున్నావా, లేదా?"

"ఒప్పుకున్నాను. నిఖా రోజు ఆడపిల్ల దేనికైనా ఒప్పుకుంటుంది. ఏమండీ, కోప్పడనంటే ఒక మాట."

"చెప్పు."

"డ్రైవింగ్ స్కూలు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. సోమవారం నుంచి లేడీస్ బ్యాచ్ అట. నేర్పేది కూడా ఆడమనిషే."

"ఖలాస్. ఆ మాట అయిపోయింది."

"మన చిన్నదానికి ఆయాసం వస్తే ఏం చెయ్యమంటారు? మీరు క్వారీలో దుమ్ములో ఉంటారు. ఫోన్ అందదు. వాకిట్లో బండి పెట్టుకుని నేను రోడ్డు వంక చూస్తూ నిలబడాలా?"

"పక్కింట్లో సుబ్బరాజు గారున్నారు. నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయన కాదూ?"

"ఆయన ఊళ్ళో లేకపోతే? వాళ్ళావిడ వాసంతి గారు తోలట్లేదా? ఇక్కడి అరబ్బు ఆడవాళ్ళు నిండా నల్లబట్టలు కట్టుకుని ఇంతింత బళ్ళు తోలుకుంటూ పోతుంటే ఎవరైనా ఏమైనా అంటున్నారా?"

"వాళ్ళ సంగతి నాకెందుకు?"

"నేను బండిని ఒక్కసారి వెనక్కి తీశానని వాసంతి గారి ముందే తాళం లాక్కున్నారు. వారం రోజులు నా చేతి అన్నం ముట్టలేదు. మామయ్య కూడా చూస్తూనే ఉన్నారు."

"చూసి నన్నేమైనా అన్నాడా? అనలేదుగా! నాన్న ఉంటే కాళ్ళు పట్టుకుని బతిమాలేదానివేమో. పోయిన మనిషి మాట ఎవరు మారుస్తారు?"

"ముబారకూ, దాన్ని వదిలెయ్. సీటు వాల్చింది నేను."

"అమ్మా? నువ్వా?"

"తాళం మేకుకేగా తగిలిస్తావు. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక వెళ్తున్నా. వెనక కూర్చుని ముందు సీటు వాలుస్తా. ఆయన తల నా ఒళ్ళోకి వచ్చినట్టుంటుంది."

"ఇద్దత్‌లో ఉన్నావమ్మా నువ్వు. నాన్న పోయి ఇంకా నాలుగు నెలల పది రోజులు కాలేదు. గడప దాటొచ్చా?"

"ప్రహరీ దాటలేదుగా. బండి వాకిట్లోనే ఉందిగా."

"ఆ అత్తరు?"

"ఆయన సీసాలో ఇంకా మిగిలింది. ఆయనకి రాయకుండా ఎవరికి రాయను? అక్కడే ఉన్నాడురా. మాట్లాడతాడు."

"అత్తమ్మా, బీపీ మాత్ర వేసుకున్నారా?"

"ఉండు మెహరూ. ఏమంటాడమ్మా?"

"ఒకటే మాట. ఇంకొంచెంసేపు ఆగు. ఇంకొంచెంసేపు ఆగు."

"ఆగడమేంటి? సుబ్బరాజు గారు ఎక్కడా ఆపకుండా తీసుకెళ్ళానన్నారే."

"అత్తమ్మా, మాత్ర. నీళ్ళు ఇవిగో."

"సరే, నాకు టైమవుతోంది. ఇవాళ ఒంటిపూటే, అన్నానికి వస్తా. అమ్మని ఒంటరిగా బయటికి పంపకు మెహరూ."

ముబారక్ వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళు వంటింట్లో మిగిలారు.

"ఎందుకత్తమ్మా ఆ మాట ఎత్తారు? ఎవరికీ చెప్పొద్దని మామయ్య ఆరోజు మన చేత ఒట్టు వేయించుకున్నారు కదా."

"నువ్వు నిద్రపోతున్నావా?"

"పడుకుంటున్నాను."

"పడుకోవడం చూస్తున్నాలే. నిద్రలో నీ కాళ్ళు రెండూ కదులుతున్నాయి. బ్రేకూ క్లచ్చూ తొక్కుతున్నావే పిల్లా."

"నేను వినకుండా పోనిచ్చి ఉండాల్సింది. వయసులో పెద్దాయన ఆపమంటే ఆపాను. జనం చూస్తారని సిగ్గుపడ్డారు, నాకు తెలుసు. అయినా ఆపాను. ఆయన్ని నేనే..."

"నోరు మూసుకో. ఇంకోసారి ఆ మాట అన్నావంటే చెంప పగులుద్ది. చింతపండు నానేశావా?"

"నానేశాను."

"చేపలు పులుసు పెట్టు. వాడికి ఇష్టం. కడుపు నిండాక చెప్తా."

"ఏం చెప్తారు? అత్తమ్మా, ఏం చెప్తారు?"

మధ్యాహ్నం. చిన్నది ఇంకా బడి నుంచి రాలేదు. ముగ్గురూ అన్నానికి దస్తర్‌ఖాన్ గుడ్డ పరుచుకుని కూర్చున్నారు.

"ఇంకో ముక్క వేసుకో ముబారకూ."

"చాలమ్మా."

"వేసుకో. వేసుకుని విను. సోమవారం నుంచి కోడలు డ్రైవింగ్ స్కూలుకి వెళ్తుంది. పిల్లని నేను చూసుకుంటా."

"అత్తమ్మా!"

"నువ్వు తిను. నేను వాడితో మాట్లాడుతున్నా."

"అమ్మా, ఇది నా మాట కాదు, నాన్న మాట. ఆయన పోయి నిండా నాలుగు నెలలు కాలేదు, అప్పుడే..."

"ఆయన ఆరోజు ఏ బండెక్కాడో నీకు తెలుసా?"

"మన బండే. సుబ్బరాజు గారు తోలారు."

"ఆస్పత్రి గుమ్మంలో తాళం తీసుకుని తనే తోలానన్నాడు ఆ మహానుభావుడు. ఈ దేశం లైసెన్సు లేదు, దీని మీద కేసవుతుందని. అక్కడిదాకా తోలింది నీ పెళ్ళాం."

"మెహరూ?"

"అవునండీ. అంబులెన్స్ పిలుస్తానంటే, గ్యాస్ నొప్పికి సైరన్ ఎందుకన్నారు. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సుబ్బరాజు గారు డ్యూటీలో ఉన్నారు, నేరుగా ఆస్పత్రికే వస్తానన్నారు. వాసంతి గారు ఇంట్లో లేరు. నేను తాళం తీస్తే మామయ్య ఏమీ అనలేదు. వచ్చి కూర్చున్నారు."

"నాన్న కూర్చున్నాడా? నీ పక్కన?"

"పోనీ అమ్మా, అన్నారు."

"మరి లేటెందుకయింది? కాసేపు ముందు తెచ్చుంటే అన్నాడే డాక్టరు!"

"మసీదు మలుపులో ఆపమన్నారు. అప్పుడే జుమ్మా నమాజు విడిచారు. రోడ్డంతా మనుషులు. కిరాణా కొట్టు వెనక్కి తిప్పమన్నారు. నొప్పి సర్దుకుంది, వీళ్ళు కదిలాక పోదాం అన్నారు. నేను నమ్మానండీ."

"నేనూ నమ్మానురా. సీటు వాల్చి కళ్ళు మూసుకుంటే, నిద్రపట్టిందనుకున్నా."

"నిద్రా! అమ్మా, అక్కడ నేనున్నాను! ఆరోజు ఆ మసీదులోనే నమాజు చదివాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. బయటికొచ్చి ఫోర్‌మన్‌తో కబుర్లు చెప్తూ అక్కడే నిలబడ్డాను. క్వారీ పికప్ బండి వచ్చేదాకా కదల్లేదు. కిరాణా కొట్టు ఎంత దూరం! ఒక్క కేక వేస్తే..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వున్నావని. ఆయన చూశాడు. అద్దంలోంచి వేలు పెట్టి నాకూ చూపించాడు."

"అత్తమ్మా, నాకు చెప్పలేదే!"

"నువ్వు స్టీరింగ్ మీద తల పెట్టుకుని దువా చదువుకుంటున్నావు."

"చూసి కూడా పిలవలేదా? ముక్కూ మొహం తెలియని జనానికి సిగ్గుపడి, ఎదురుగా ఉన్న కన్నకొడుకుని పిలవలేదా?"

"జనాన్ని ఆయన లెక్కే చెయ్యలేదు నాయనా. 'ఇది తోలుతుంటే వాడు చూశాడంటే ఇక దీన్ని బతకనివ్వడు, వాడు వెళ్ళేదాకా ఆగు' అన్నాడు. నువ్వు పికప్ ఎక్కేదాకా ఆగాం."